స్నాబ్, అప్‌స్టార్ట్, వానబీ: గొప్పలు పోయేవాళ్ల ఇంగ్లిష్ మాటలను తెలుగులోకి ఎలా తేవాలి

హనుమకొండలో నా దగ్గర అనువాదం నేర్చుకునే పిల్లలు, కథలు అనువదించే మిత్రులు, సబ్‌టైటిల్స్ రాసే కుర్రాళ్లు అందరూ తిప్పితిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది. "స్నాబ్‌ను తెలుగులో ఏమనాలి సార్?" ఇవాళ్టి వాడుకలో, తనకన్నా తక్కువ అనుకున్నవాళ్లను చిన్నచూపు చూసేవాడు స్నాబ్. దాని వెనకే అప్‌స్టార్ట్, సోషల్ క్లైంబర్, వానబీ, బిగ్ షాట్, నేమ్ డ్రాపర్ వరుస కడతాయి. అందరికీ ఒకేసారి పనికొస్తుందని నేను చేసే పద్ధతిని మెట్టుమెట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లిష్ మాట ఎడమవైపు, తెలుగు మాట కుడివైపు పెట్టిన పట్టిక మాత్రం ఇందులో ఉండదు. అలాంటి పట్టిక పట్టుకుని పనిచేసినవాళ్లే ఎక్కువగా దెబ్బతినడం చూశాను.

కావలసినవి

మొదటిది, ఆ మాట వచ్చిన పూర్తి సన్నివేశం. ఒక్క వాక్యం మాత్రమే పంపి "దీనికి తెలుగు చెప్పండి" అంటే నేను చెప్పలేను, మీరూ చేయలేరు. కనీసం ముందు పేరా, వెనక పేరా ఉండాలి.

రెండోది ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్, మెరియమ్-వెబ్‌స్టర్ ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అర్థంతో పాటు పక్కన ఉండే చిన్న గుర్తు చూడండి: వాడుకమాటా, పాతబడిన మాటా, బ్రిటన్‌లోనే వినిపించేదా, తిట్టా. ఈ పనిలో ఆ గుర్తు అర్థమంత ముఖ్యం.

మూడోది ఇద్దరు మనుషులు. ఊళ్లో పెరిగిన పెద్దవాళ్లు ఒకరు, పాతికేళ్ల లోపు వాళ్లు ఒకరు. వాళ్లు ఎందుకో చివర్లో చెబుతాను.

1. ఆ మాట ఎవరి నోట్లో ఉందో చూడండి

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

అప్‌స్టార్ట్ అనే మాటనే తీసుకోండి. తరతరాలుగా ఆస్తి, హోదా ఉన్నవాళ్లు కొత్తగా పైకి వచ్చినవాణ్ణి చూసి అనే మాట అది. ఆ కొత్తవాడు నిజంగా పొగరుబోతు కావచ్చు. కాకపోవచ్చు కూడా. కష్టపడి చదివి, వ్యాపారం చేసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నందుకే ఆ మాట పడి ఉండవచ్చు. బ్రిటన్‌లో వినిపించే జంప్డ్-అప్ కూడా ఇలాంటిదే. "నిన్నమొన్నటి గుమాస్తా, ఇయ్యాల పెద్దమనిషైండు" అనే ఈసడింపు అందులో ఉంది.

కాబట్టి పుస్తకంలో ఒక జమీందారు పాత్ర ఆ మాట అంటే, ఆ విషం ఆ పాత్ర నోట్లోనే ఉండేలా రాయాలి. మీరు కథ చెప్పే వాక్యంలోకి దాన్ని తెచ్చి "ఆ పొగరుబోతు లోపలికి వచ్చాడు" అని రాశారంటే జమీందారు తీర్పు మీ తీర్పు అయిపోతుంది. కష్టపడి ఎదిగిన మనిషిని రచయిత తిట్టకపోయినా అనువాదకుడు తిట్టినట్టవుతుంది.

అప్పిటీ అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్లు నల్లవాళ్లను "తమ హద్దులో తాము ఉండటం లేదు" అనే అర్థంలో దాంతో తిట్టేవారు. నిఘంటువు చూసి "అహంకారి" అని రాస్తే ఆ చరిత్ర మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మన వైపు వాళ్లకు ఆ గొంతు కొత్త కాదు. గడీల (దొరల కోటల్లాంటి ఇళ్ల) కాలంలో దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడవాల్సి వచ్చిన సంగతి మన తాతలు చెప్పగా విన్నాం. ఎవరైనా చెప్పులతో నడిస్తే ఆ అరుగు మీది నుంచి వినిపించిన గొంతే ఇది కూడా. అందుకని నేను ఇలా రాస్తాను: "నా ఎదుట తలెత్తి మాట్లాడేటంతటోడైండా?" చెప్పుల మాట మాత్రం పెట్టను, పెడితే కథ అమెరికా వదిలి జనగామకు వచ్చేస్తుంది. గొంతు మనది కావచ్చు గానీ, ఊరు వాళ్లదే ఉండాలి.

ఇదే కారణంతో స్నాబ్‌కు "దొర" అని రాయకండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో "పెద్ద దొరలా ఫోజు కొడుతున్నాడు" అంటే తేలిగ్గా పోతుందేమో. తెలంగాణ పల్లెల్లో దొర అంటే భూమి, వెట్టి, గడీ. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ జరిగిన సాయుధ పోరాటం ఆ మాటను ఎదిరించే జరిగింది. అంత బరువున్న మాటను పార్టీలో ముఖం తిప్పుకునే మనిషి మీద పెట్టకూడదు.

2. ముఖం ఎటు తిరిగి ఉందో కనిపెట్టండి

ఈ మాటలన్నిటిలో ఒక మనిషి ఎటో చూస్తుంటాడు. పైవాళ్ల వైపు చూస్తున్నాడా? కిందివాళ్ల వైపా? చుట్టూ ఉన్నవాళ్లు తనను చూస్తున్నారా లేదా అనా? ఇది తేలితే సగం పని అయినట్టే.

సోషల్ క్లైంబర్ ముఖం పైకి ఉంటుంది. ఎవరి పక్కన నిలబడితే తన స్థాయి పెరుగుతుందో వాళ్ల దగ్గరికి పోతాడు. షో-ఆఫ్, పోజర్ చూపు చుట్టూ తిరుగుతుంది. స్టక్-అప్, టాఫీ-నోజ్డ్ లాంటివి కిందికి చూసే చూపులు, అంటే చిన్నచూపులు.

స్నాబ్ దగ్గరే చిక్కు. 18వ శతాబ్దం చివర్లో ఆ మాటకు చెప్పులు కుట్టేవాడని అర్థం. కేంబ్రిడ్జి విద్యార్థులు యూనివర్సిటీకి చెందని ఊరివాళ్లను అలా పిలిచేవారు. 1848లో ఇంగ్లిష్ నవలాకారుడు థాకరే స్నాబ్‌ల మీద రాసిన పుస్తకం వచ్చాక, గొప్పవాళ్లను చూసి వెర్రిగా మురిసిపోయి అనుకరించేవాడు అనే అర్థం స్థిరపడింది. తనకన్నా తక్కువ అనుకున్నవాళ్లను తీసిపారేసేవాడు అనే ఇవాళ్టి అర్థం ఆ తరువాత బలపడింది. కాబట్టి 19వ శతాబ్దపు నవలలో స్నాబ్ కనిపిస్తే ముఖం పైకి ఉందా, కిందికి ఉందా అని తప్పనిసరిగా చూడాలి. "ఉన్నత వంశం లేనివాడు" అనే లాటిన్ మాటల నుంచి ఇది పుట్టిందని ఒక కథ తిరుగుతుంటుంది. అది తరువాత అల్లిన కథ, దాని మీద ఆధారపడి అనువాదం చేయకండి.

కాఫీ స్నాబ్, వైన్ స్నాబ్ అన్నప్పుడు హోదా కాదు, రుచి విషయం. మన భాషలో దీనికి చక్కటి క్రియ ఉంది: ఆనదు. "ఆయన నాలుకకు మామూలు చాయ్ ఆనదు." అంతే, పూర్తయింది.

3. పేరు కోసం వెతక్కండి, చేసే పని రాయండి

ఇంగ్లిష్ ఇలాంటి మనిషికి ఒక పేరు తగిలించి ఊరుకుంటుంది. మనం అతను చేసే పని చెబుతాం. ఎగిరెగిరి పడుతున్నాడు. మిడిసిపడుతున్నాడు. నీలుగుతున్నాడు. కండ్లు నెత్తికెక్కినయ్. మనం వాని కంటికి ఆనం. ఎచ్చులకు పోతున్నాడు. బడాయి కొడుతున్నాడు. వీటిలో ఒక్కటీ నామవాచకం కాదు. కానీ మనిషి కళ్లముందు నిలబడతాడు.

"డాంబికుడు", "అహంభావి", "ఆడంబరప్రియుడు" తప్పులు కావు. వ్యాసంలో బాగానే ఉంటాయి. సంభాషణలో పెడితే మాత్రం ఏ పాత్రా అలా మాట్లాడదు. పెళ్లిపందిట్లో నిలబడి ఎవరైనా "వాడొక డాంబికుడు" అనగా మీరు విన్నారా?

ఒక ఉదాహరణ మొత్తం చేసి చూపిస్తాను. ఒకావిడ పార్టీలో ఇంకొకావిడ గురించి చెబుతోంది. ఆమె ఘోరమైన సోషల్ క్లైంబర్ అని, ఇంకా ముఖ్యమైనవాళ్లు వచ్చేదాకానే మనతో మాట్లాడుతుందని. నా దగ్గరికి వచ్చిన మొదటి అనువాదం ఇది:

"ఆమె ఒక భయంకరమైన సామాజిక అధిరోహకురాలు."

దీన్ని చదివినవాళ్లకు ఆమె కొండలెక్కుతుందేమో అనిపిస్తుంది. రెండో ప్రయత్నంలో "ఆమె సమాజంలో పైకి ఎదగాలనుకునే మనిషి" అని వచ్చింది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే తిట్టు కాస్తా పొగడ్త అయింది. మా అమ్మ కూడా నన్ను అలా ఎదగమనే చెప్పింది! చివరికి ముఖం ఎటు ఉందో పట్టుకుని, చేసే పని రాస్తే ఇలా తేలింది:

"ఆమె సంగతి నీకు తెల్వదు వదినా. మనతోని మాట్లాడుతనే ఉంటది, కండ్లు మాత్రం తలుపు కాడుంటయి. పెద్దోళ్లు ఎవరన్న అడుగుపెడితే ఇగ మనం కనపడం."

ఇందులో సోషల్ క్లైంబర్‌కు సమానమైన ఒక్క మాట కూడా లేదు, అయినా ఆ అర్థంలో ఏదీ తగ్గలేదు. ఒకే తరం ఆడవాళ్లిద్దరు, చుట్టరికం ఉన్నట్టు మాట్లాడుకుంటారు కాబట్టి "వదినా" పెట్టాను. ఆఫీసు సహోద్యోగులైతే "మేడమ్" అనో "అక్కా" అనో మారుతుంది.

4. దగ్గరి మాటలు తూచి ఎంచుకోండి

కొత్తగా డబ్బు, హోదా వచ్చినవాళ్లను ఎత్తిపొడిచే నూవో రిష్, పార్వెన్యూ రెండూ ఫ్రెంచి నుంచి వచ్చినవే. మనకు "నడమంత్రపు సిరి" ఉంది, దాని వెనకే "నరాల మీద పుండు" అనే సామెతా ఉంది. మధ్యలో వచ్చిన డబ్బు మనిషిని కుదురుగా ఉండనివ్వదని. రింగు రోడ్డు పక్కన ఎకరం అమ్మి ఒక్కసారిగా కోట్లు చూసినవాళ్ల గురించి మన దగ్గర ఇప్పుడు తరచూ వినిపిస్తున్న మాటే. ఒకటి గుర్తుంచుకోండి, డబ్బు లేనిచోట ఇది వాడకూడదు. పదవి వచ్చి తల తిరిగిన గుమాస్తాకు నేనొకసారి ఈ మాట రాశాను. మా మేనత్త విని "వానికి సిరి ఏడున్నదిరా, కుర్సీ ఉన్నది గని" అంది. ఆమె చెప్పిందే సరైనది, దిద్దుకున్నాను. ఆ గుమాస్తాకు "కుర్చీ ఎక్కంగనే కండ్లు నెత్తికెక్కినయ్" అంటే సరిపోతుంది. టూ బిగ్ ఫర్ హిస్ బూట్స్ అనే నుడికారానికీ ఇదే వాడతాను.

"అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట" అనే సామెత అందరికీ ముందుగా గుర్తొచ్చేది. దీన్ని పొదుపుగా వాడండి. "అల్పుడు" అన్నప్పుడు పుట్టుకను ఎత్తిచూపినట్టు వినిపించే సందర్భాలు ఉన్నాయి. మూలంలో ఆ పుట్టుక ఈసడింపు ఉంటేనే, అదీ పాత్ర నోట్లోనే పెట్టండి. ఇక కులం పేర్లతో ఉన్న సామెతలు మన భాషలో బోలెడు. అవి ఎంత బాగా అతికినట్టు అనిపించినా ముట్టుకోకండి. మూలంలో లేని గాయాన్ని మనం చేయకూడదు.

వానబీ: 1980ల్లో పాప్ గాయని మడోనాలా ముస్తాబయ్యే అమ్మాయిల వల్ల బాగా ప్రచారంలోకి వచ్చిన మాట. "కావాలనుకునేవాడు" అని మాటకు మాట పెడితే ఏమీ అర్థం కాదు. ఎవరిలా కావాలనుకుంటున్నాడో చెప్పండి: "తనో పెద్ద హీరో అనుకుంటుండు". అనుకరించి దెబ్బతినేవాడైతే "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు". దెబ్బ లేకపోతే ఈ సామెత ఎక్కువైపోతుంది. కీపింగ్ అప్ విత్ ద జోన్సెస్ అనే నుడికారం, 1913లో అమెరికా పత్రికల్లో మొదలైన ఒక బొమ్మల కథ పేరు నుంచి వచ్చింది, దానికీ చాలామంది ఈ నక్కనే తెస్తారు. అక్కడ నక్క అక్కర్లేదు. "పక్కింటోళ్లు కొన్నరని మనం గూడ కొనుడేనా?" అని ఇల్లాలితో అనిపించండి, చాలు.

పోజర్: చేతిలో ఏమీ లేకుండా షోకు చేసేవాడైతే "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె". డబ్బుండి లోపల సరుకు లేనివాడైతే "పైన పటారం, లోన లొటారం". కుర్రాళ్ల సంభాషణలో "బిల్డప్ ఇస్తుండు" అన్నది చక్కగా ఒదుగుతుంది.

నేమ్ డ్రాపర్: "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాడు" దాదాపు అచ్చంగా సరిపోతుంది. కానీ సామెతలో లాభం ఉండాలి. ఊరికే గొప్ప కోసం పేర్లు చెప్పేవాడైతే పని రాయండి. మేడారం జాతరలో, రెండేళ్లకోసారి, ఈ మనిషి తప్పకుండా కనిపిస్తాడు. క్యూలో జనం గంటలుగా నిలబడి ఉంటే ఫోన్ చెవికి పెట్టుకుని "నేను అడిగితే కలెక్టర్ గారే పాస్ పంపిస్తరు" అని పదిమందికీ వినిపించేలా మాట్లాడతాడు. ఇలా రాస్తే మనిషి దొరుకుతాడు.

బిగ్ షాట్, బిగ్‌విగ్: వెనకటికి ఇంగ్లండులో హోదా ఉన్నవాళ్లు పెద్దపెద్ద విగ్గులు పెట్టుకునేవారు, బిగ్‌విగ్ అలా వచ్చింది. మన పత్రికల్లో "పెద్ద తలకాయలు" అంటాం, తలకు తల సరిపోయింది. నిజంగా పలుకుబడి ఉన్నవాడికి ఇది. లేకుండా ఉన్నట్టు నటించేవాణ్ణి ఎత్తిపొడవాలంటే "నువ్వేమన్న తోపువా? తుర్రంఖానువా?" 1857 జూలై 17న హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్ పేరు మీదే తుర్రంఖాన్ వచ్చిందని చాలామంది చెబుతారు. అంత ధైర్యవంతుడి పేరు ఎత్తిపొడుపులోకి రావడం నాకు బాధే, కానీ వాడుకలో ప్రాణమున్న మాట అది.

టోడీ: పెద్దవాళ్లకు భజన చేసేవాడు. ఈ మాట వెనకటికి నాటువైద్యుడి మందు మహిమ చూపడానికి విషమని నమ్మే కప్పను తినే సహాయకుడి నుంచి పుట్టింది. మనకు చెంచా ఉంది. పెద్దల నోట "అడుగులకు మడుగులొత్తుతున్నాడు", పిల్లల నోట "మస్కా కొడుతుండు". హాబ్‌నాబ్‌కు "రాసుకుపూసుకు తిరగడం". ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

5. గొంతు కుదర్చండి

లండన్ పాత్రలన్నిటి చేతా వరంగల్ యాస మాట్లాడించనక్కర్లేదు. కథ చెప్పే వాక్యాలు మామూలు రాత తెలుగులో ఉంచి, ఎత్తిపొడుపు ఉన్న ఒకటి రెండు మాటలకు యాస రానివ్వండి. పాత్రలన్నీ ఒకే యాస మాట్లాడితే ఎవరు పెద్దింటివాళ్లో, ఎవరు కొత్తగా ఎదిగారో తెలియకుండా పోతుంది. ఈ మాటల ఆయువుపట్టే ఆ తేడా.

కాలేజీ పిల్లల కథలో "స్నాబ్" అని అలాగే ఉంచవచ్చా అని అడుగుతారు. మాట్లాడేవాళ్లు నిజంగా అలా అంటే ఉంచండి. అర్థం తోచక ఉంచకండి.

ఇంకో తప్పు కూడా చెప్పాలి: స్నాబ్‌కు "మేకపోతు గాంభీర్యం". అది లోపల భయం పెట్టుకుని పైకి ధైర్యంగా ఉండేవాడి మాట. స్నాబ్‌కు భయం లేదు, చిన్నచూపు ఉంది. "హుందా", "పెద్దరికం" కూడా వద్దు. అవి గౌరవపు మాటలు.

6. సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

ముందు మీ తెలుగు వాక్యాన్ని ఒక రోజు పక్కనపెట్టి, మూలం చూడకుండా మళ్లీ ఇంగ్లిష్‌లోకి చెప్పండి. అది ప్రౌడ్, ఆరొగెంట్ దగ్గరే ఆగిపోతే మీరు మనిషి ముఖం ఎటు ఉందో పట్టుకోలేదు. రెండో మెట్టు దగ్గరికి తిరిగి వెళ్లండి.

తరువాత ఆ వాక్యంలో పొగరుబోతు బదులు కష్టపడి పైకి వచ్చిన ఒక మంచి మనిషిని ఊహించుకోండి. అప్పుడూ వాక్యం అతికితే, మీరు చేష్టను కాక ఎదుగుదలనే తిడుతున్నారు. మూలం కూడా అదే చేస్తోందా? చేస్తుంటే ఉంచండి, లేకపోతే మార్చండి.

ఆ పైన పాతికేళ్ల లోపు వాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు "ఈ మాట అర్థం కాలేదు" అంటే సామెత పాతబడిందని లెక్క. మొన్న ఒకమ్మాయి "నడమంత్రపు అంటే ఏంది సార్" అని అడిగింది. అలాంటప్పుడు సామెత తీసేయకుండా పక్కన "నిన్నగాక మొన్న వచ్చిన పైసలు" లాంటి తోడు మాట ఒకటి ఇస్తాను.

చివరగా పెద్దవాళ్ల దగ్గరికి పోండి. ఇంగ్లిష్ కథ అని చెప్పకండి, పాత్రల పేర్లు కూడా తీసేయండి. పై "తలుపు కాడ కండ్లు" వాక్యాన్ని మా మేనత్తకు అలాగే వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తకుండా "మన పెద్దింటోళ్ల చిన్న కోడలే గదా, మొన్న పెండ్లిల నాతోని గూడ గట్లనే చేసింది" అంది. ఆ వాక్యంలో నేను ఇంకేమీ మార్చలేదు.